నెత్తిమీది మెట్టు

జోజి ఇంటికి ముప్పై నాలుగు మెట్లు. వెంగళరావు నగర్‌లో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. పదిహేనేళ్ళ కిందట ఆ వాటాలో చేరినప్పుడు, గాలి బాగా వస్తుందని భార్య తెరెసా మురిసిపోయింది. ఇప్పుడు రోజూ సాయంత్రం పదిహేడో మెట్టు దగ్గర జోజి ఆగుతాడు. కింది వాటావాళ్ళ చెప్పుల స్టాండు మీద ఒక చెయ్యి వేసి, రెండో చేత్తో ఫోను చూసుకుంటున్నట్టు నిలబడతాడు. ఫోనులో చూడ్డానికి ఏమీ ఉండదు. ఎవరైనా ఎదురైతే, "సిగ్నలు ఇక్కడే బాగుంటుందండీ" అంటాడు.

తెరెసాకి తెలుసు. పైనుంచి గిన్నెలు సర్దుతూ, "సిగ్నలు దొరికిందా, ఇంకో అరగంట పడుతుందా?" అని కేకేస్తుంది.

అతనిది చీరాల వైపు. జూబ్లీహిల్స్‌లో బంగళాలకంటే బండలే ఎక్కువ ఉన్న రోజుల్లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఉలీ సుత్తీ సంచిలో వేసుకొని ఫిల్మ్ నగర్ వచ్చాడు. సినిమా మోజు ఏమీ లేదు. అక్కడ చెక్కపని దొరుకుతుందని ఎవరో చెప్పారంతే. ఈ నలభై ఏళ్ళలో అతని చేతిమీదుగా లేచి పడిపోయిన కోర్టులూ, జైళ్ళూ, గుళ్ళూ, చర్చిలూ లెక్కలేనన్ని. అన్నిట్లోకీ పేరొచ్చింది మాత్రం మెట్లకు. జమీందారు హాల్లో రెండువైపులా వంపు తిరిగి దిగే మెట్లు కావాలంటే జోజినే పిలిచేవారు. పరిశ్రమలో అతనికి మేడమెట్ల జోజి అనే పేరు స్థిరపడిపోయింది.

ఆ మెట్లకో కిటుకుంది. హీరో దిగుతుంటే తొట్రుపడకూడదు, ఎక్కుతుంటే ఆయాసం కనబడకూడదు. అందుకని మామూలు ఇంట్లో ఏడంగుళాలుండే మెట్టు సెట్టులో ఆరంగుళాలే ఉంటుంది. దాన్ని హీరో మెట్టు అంటారు. ఇంకోటి, సెట్టుకు పైకప్పు ఉండదు. గోడలు లేపి పైన వదిలేస్తారు, లైట్లు అక్కణ్ణుంచి వేలాడాలి కదా. జోజి ఎన్ని ఇళ్ళు కట్టినా ఒక్క ఇంటికీ కప్పు వేసినవాడు కాదు.

పోయిన మాఘమాసంలో ఆర్ట్ డైరెక్టర్ శ్రీకృష్ణ అతన్ని ఆఫీసుకు పిలిపించాడు. శ్రీకృష్ణ ఒకప్పుడు జోజి దగ్గర రంధ్రాలు పెట్టడం నేర్చుకున్నవాడే. ఎదిగిపోయినా బాబాయ్ అనడం మానలేదు.

"బాబాయ్, లైట్‌హౌస్ కట్టాలి. పాతకాలంది. లోపల చుట్టుమెట్లు నిజంగా ఉండాలి. బయటిదంతా కంప్యూటర్‌లో చేసుకుంటారట గానీ, హీరో మెట్ల మీద పరుగెత్తే షాట్ మాత్రం మనది. నువ్వూ భావనా వెళ్ళి నాలుగు చూసి, కొలిచి రండి. ఫొటోలు చూసి కట్టేది నాకొద్దు. ఎక్కి, దిగి, ఆ మెట్టు కాలికి ఎలా తగులుతుందో తెలిశాక కట్టాలి. అందుకే నిన్ను పంపుతున్నా."

"అలాగే కృష్ణా" అన్నాడు జోజి. అనకుండా ఎలా ఉంటాడు? మోకాళ్ళు పోయిన మేస్త్రి ఎక్కడికి పోతాడో అతనికి తెలుసు. ఊరి బయట గోడౌన్‌కి పోతాడు. పాత సింహాసనాలకీ దుమ్ముపట్టిన దశావతారాల బొమ్మలకీ కాపలా. తనకంటే రెండేళ్ళు పెద్దవాడు ఒకాయన నిచ్చెన ఎక్కలేనని నోరు జారి, ఇప్పుడక్కడే ఉన్నాడు. మర్యాదగానే పంపారు. ఆ తరవాత ఆయన్ని ఏ సెట్టుకూ ఎవరూ పిలవలేదు.

ఇంటికొచ్చి చెబితే తెరెసా నెత్తి కొట్టుకుంది.

"లైట్‌హౌసా? మన మేడ ఎక్కడానికే నీకు మధ్యలో సిగ్నలు కావాలి. ఆ అబ్బాయికి చెప్పరాదూ?"

"చెబుతాలే."

"ఎప్పుడు?"

"అయ్యాక" అన్నాడు జోజి.

భావన ఆర్కిటెక్చర్ చదివిన పిల్ల. ఇరవై ఆరేళ్ళు. సినిమా వాసన పడి, మంచి ఉద్యోగం వదిలి శ్రీకృష్ణ దగ్గర చేరింది. కారు ఎక్కిన దగ్గర్నుంచి లైట్‌హౌస్ గురించి చదివినదంతా చెబుతూనే ఉంది. జోజి ఊ కొడుతూ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. సూర్యాపేట దాటే సరికే ఎడమ మోకాలు పట్టేసింది.

మొదటిది మచిలీపట్నం వైపు. కారు దిగి తలెత్తి చూశాడు. చూసినంతమాత్రానే నీరసం వచ్చింది.

"అమ్మాయ్, నువ్వు పైకెళ్ళి ఫొటోలు తియ్యి. అడుగున గోడ మందం నేను తీసుకుంటా. అసలు పనంతా అడుగునే ఉంటుంది" అన్నాడు. అది అబద్ధం కాదు. గోడ కొలిచాడు, చుట్టూ తిరిగాడు, అడుగున ఎంత వెడల్పుందో పైకి పోయేకొద్దీ ఎంత సన్నబడుతోందో కంటితో అంచనా కట్టి కాగితం మీద గీశాడు. భావన కొలతలు పెట్టి చూస్తే జానెడు కూడా తేడా రాలేదు. ఆ పిల్ల నోరు వెళ్ళబెట్టింది. జోజికి ఆ పూట కాస్త హాయిగా గడిచింది.

కాకినాడ దగ్గర ఎండ దెబ్బ అన్నాడు. భీమిలిలో పాతబడి ఆరిపోయిన దీపస్తంభం దగ్గర లోపలికి వెళ్ళే వీలు లేకపోయింది. దేవుడు ఉన్నాడనుకున్నాడు. నాలుగోది శ్రీకాకుళం తీరంలో. అక్కడ ఇక సాకు దొరకలేదు. దాన్ని చూసుకునే ఉద్యోగి త్రినాథరావు తాళం తీసి, "రండి రండి, సినేమా వోళ్ళు వచ్చీసినారు" అంటూ తనే ముందు నడిచాడు. భావన అతని వెనకే గబగబా ఎక్కేసింది.

జోజి కూడా మొదలుపెట్టాడు. రాతి మెట్లు. ఒక్కోటి ఎనిమిదంగుళాలు. గోడ చల్లగా, చెమ్మగా తగులుతోంది. పది దాకా బాగానే ఉంది. పదిహేను దగ్గర మోకాలి చిప్ప కింద ఎవరో ఉలి పెట్టి కొట్టినట్టయింది. ఇరవై మూడో మెట్టు దగ్గర చిన్న కిటికీ వచ్చింది. ఆ గూట్లో కూలబడ్డాడు. పైన ఎక్కడో భావన నవ్వు వినిపిస్తోంది. కిటికీలోంచి సముద్రం ముక్క ఒకటి కనిపిస్తోంది, రెండు అరచేతులంత.

కాసేపటికి త్రినాథరావు దిగి వచ్చాడు.

"ఏటండి మేస్త్రిగారూ, ఇక్కడ కూలబడిపోనారు? పైకి రారేటి?"

"ఈ కిటికీ చూస్తున్నానండీ. పనితనం బాగుంది."

త్రినాథరావు ఆ కిటికీనీ, జోజి మోకాలినీ మార్చి మార్చి చూశాడు. ఎదురుగా మెట్టు మీద కూర్చున్నాడు. అడక్కుండానే చెప్పుకొచ్చాడు. గుండ్రంగా కడితే గాలికి పట్టుకోవడానికి మూల దొరకదట. అడుగున అయిదడుగుల మందం ఉన్న గోడ పైకెళ్ళేసరికి రెండడుగులవుతుందట. పైన దీపం పెద్దదేం కాదు, చుట్టూ ఉన్న గాజుపలకల వరసలే ఆ వెలుగును పోగుచేసి సముద్రం మీదికి తోస్తాయట. ఊరి వైపు మాత్రం రేకు అడ్డం పెట్టారు.

"ఊళ్ళోవోడికి ఎందుకండి దీపం? ఆడు దారి తప్పడు గదా. ప్రతి దీపానికీ ఓ లెక్కుంటాది. ఎన్ని మెరుపులు, ఎంత చీకటి. సముద్రం మీదోడు ఆ లెక్క చూసుకొని ఏ ఊరో చెప్పెయ్యగలడు."

"మెట్ల మధ్యలో ఈ బోలు గొట్టం దేనికండీ?"

"పూర్వం కరెంటెక్కడిది? ఇందులో బరువులేలాడీవి. గోడగడియారంలాగే. బరువు మెల్లగా దిగుతుంటే పైన అద్దాలు తిరిగీవి. అది అడుక్కి దిగిపోయిందనుకోండి, ఎవడో ఒకడు మళ్ళా పైకి చుట్టాల. రాత్రంతా అదే పని. మా తాత చేసినాడు."

"ఏమనేవాడు మీ తాత?"

"ఏటంటాడు? చేతులు నొప్పి అనీవోడు."

జోజికి నవ్వొచ్చింది. ఆ ప్రయాణం మొత్తంలో అతను నవ్వింది అప్పుడే.

"మెట్టు ఇంత ఎత్తెందుకు పెట్టారంటారు?"

"ఏటో, దొరల కాళ్ళు పొడుగు గావాల" అన్నాడు త్రినాథరావు లేస్తూ. "మెల్లగా దిగండి. గోడ పట్టుకోండి."

తిరుగు ప్రయాణంలో భావన ఏమీ అడగలేదు. విజయవాడలో టిఫిను దగ్గర మాత్రం, "మాస్టారూ, పైన దీపం చుట్టూ ఉన్న గ్యాలరీలో నిలబడితే కాళ్ళ కింద టవర్ కొంచెం ఊగినట్టు అనిపించింది. నిజంగా ఊగుతుందా, నా భ్రమా?" అని అడిగింది. అడిగాక నాలిక కరుచుకొని ఇడ్లీ వైపు చూసింది.

ఫిల్మ్ నగర్‌లో కారు దిగగానే శ్రీకృష్ణ మొదటి ప్రశ్న ఇది. "ఎక్కావా బాబాయ్?"

"ఎక్కకుండా ఎలా కొలుస్తాంరా" అన్నాడు జోజి.

భావన తన లాప్‌టాప్ తెరుస్తూ, తల ఎత్తకుండా, "మాస్టారి కన్ను టేపు కంటే కరెక్ట్ సార్" అంది. అది నిజమే. అయినా ఆ మాట జోజికి వీపు మీద చరిచినట్టు తగిలింది.

స్టూడియో వెనక ఖాళీ జాగాలో పని మొదలైంది. భావన గీసిన ప్లానులో మెట్టు ఎనిమిదంగుళాలు, చుట్టుకు పన్నెండు మెట్లు, మొత్తం నలభై ఎనిమిది. ముప్పై రెండడుగులు. దీపం పని పెద్దదని, అక్రిలిక్ పలకలు కోయించి వరసలు పేర్చే బాధ్యత శ్రీకృష్ణ ఆమెకే అప్పగించాడు. ఆ పది రోజులూ ఆమె వేరే షెడ్డులో ఉండిపోయింది.

జోజి ప్లాను ముందు పెట్టుకొని కూర్చున్నాడు. ఎనిమిది అనే అంకె చూస్తే మోకాలు లాగింది. పెన్సిలుతో దాన్ని కొట్టేసి ఆరు వేశాడు. నలభై ఎనిమిది కొట్టేసి అరవై నాలుగు వేశాడు, చుట్టుకు పన్నెండు అలాగే ఉంచాడు. మొత్తం ఎత్తు అంతే వచ్చింది. లెక్క సరిపోయిందనుకున్నాడు.

వడ్రంగి జంగయ్య ఇరవై ఏళ్ళుగా అతనితోనే ఉన్నాడు. చెక్క కోస్తూ ఆగాడు.

"జోజన్నా, కాగితం మీద ఎన్మిది కొట్టేసినవేందే? గాడ రాతి మెట్లు గింత సిన్నగుంటయా?"

"హీరో ఉరకాలి జంగయ్యా. ఎనిమిదైతే రెండో చుట్టుకే నాలిక బయటపెడతాడు. హీరో మెట్టు ఎంతో నీకు తెలీదా?"

"తెల్వకేంది? ఆరు. గని నువ్వు గాడికి పోయొచ్చినోనివి, నాకంటె నీకే ఎర్క" అన్నాడు జంగయ్య. మళ్ళీ రంపం అందుకున్నాడు.

గోడలకు ప్లాస్టరు పట్టించారు. రాళ్ళ అతుకులు గీశారు. ఉప్పుగాలి తిన్నట్టు రంగు వేశారు. త్రినాథరావు చెప్పినవన్నీ జోజి మరిచిపోలేదు. కిటికీలు మెట్ల వెంట మెలికగా పైకి పోయేలా పెట్టించాడు. గోడ పైకెళ్ళేకొద్దీ సన్నబడింది. శ్రీకృష్ణ వచ్చి గుమ్మంలోనే నిలబడి, రాళ్ళ అతుకుల మీద వేలు రాశాడు. "బాబాయ్, గోడను నాకి చూస్తే ఉప్పగా ఉంటుందేమో" అన్నాడు.

రిహార్సల్ రోజు పొద్దున్నే దిష్టి తీసి గుమ్మడికాయ కొట్టారు. పని పూర్తయ్యాక నటులకంటే ముందు కట్టిన మేస్త్రే ఎక్కాలని ఫిల్మ్ నగర్‌లో ఒక పట్టింపు. అతను కాలు పెట్టకుండా నటులెవరూ పెట్టరు. జోజి సిలువ గుర్తు వేసుకొని ఎక్కాడు. పది, ఇరవై. ఇరవై మూడు దాటింది. మోకాలు మూలిగింది గానీ మొరాయించలేదు. నలభై. అరవై. గ్యాలరీలోకి వచ్చాడు. ఒక పక్క గుట్ట మీద గుడి, దాని కింద ఇళ్ళ మీద ఇళ్ళు, దూరాన ఎండలో పల్చగా గోలకొండ. గాలి చొక్కాలో దూరింది. ఎన్నాళ్ళకో ఒక ఎత్తు మీద, ఊపిరి అందుతూ, నిలబడ్డాడు. శ్రీకాకుళంలో భావన నవ్వింది ఇందుకే కాబోలు అనుకున్నాడు.

తిరిగి దిగాక నాగసాయి వంతు. హీరోకి డూపు చేసే కుర్రాడు. అచ్చం హీరో ఎత్తే, ఆరడుగుల ఒక అంగుళం. బయటి ఎండలోంచి తలుపు తోసుకొని, తల పైకెత్తి చూస్తూ, మెట్ల మీద పరుగు తీయాలి. భావన అప్పుడే దీపం షెడ్డులోంచి వచ్చింది. మొదటి మెట్టు మీద కాలు పెట్టి, తీసి, మళ్ళీ పెట్టింది. జోజి వైపు చూసింది. "మాస్టారూ, ఇది..." అంటుండగానే నాగసాయి ఆమెను దాటుకొని దూసుకుపోయాడు.

మూడో మెట్టు దగ్గర ఠప్పుమంది. నాగసాయి వెనక్కి పడ్డాడు. జంగయ్య పట్టుకోబట్టి సరిపోయింది. నెత్తి చిట్లి రక్తం చెవి పక్కనుంచి కారింది. అందరూ ఒక్కసారి తలెత్తి చూశారు. ఏ చెక్కకు తగిలిందో వెతికారు. కప్పు ఏదీ లేదు కదా! ఉంది. పై చుట్టులోని మెట్టే.

భావన మెట్టు మీంచి పై మెట్టు అడుగుదాకా టేపు నిలబెట్టింది. అయిదడుగుల తొమ్మిదిన్నర అంగుళాలు. చుట్టుమెట్లలో నువ్వు ఎక్కబోయే మెట్టే నీ నెత్తి మీద కప్పు. పన్నెండు మెట్లకొక చుట్టు తిరుగుతుంది కాబట్టి, ఎనిమిదైతే ఎనిమిది అడుగులు, ఆరైతే ఆరే అడుగులు. అందులో చెక్క మందం పోవాలి. జోజి అయిదడుగుల నాలుగంగుళాలు. జంగయ్యా, అతని మనుషులూ అంతకంటే పొట్టి. పది రోజులు వాళ్ళందరూ ఎక్కి దిగారు. ఎవరి జుట్టూ రేగలేదు.

నాగసాయిని కారెక్కించి బంజారాహిల్స్ ఆసుపత్రికి పంపారు. ఆ కారు గేటు దాటుతుండగా శ్రీకృష్ణ కారు లోపలికి వచ్చింది. విషయం విన్నాడు. టేపు లాక్కొని తనే కొలిచాడు. నేరుగా భావన దగ్గరికి వెళ్ళాడు.

"డ్రాయింగ్ ఎవరిది?"

"నాదే సార్."

"అయిదేళ్ళు ఏం చదివావమ్మా? హెడ్‌రూమ్ చూసుకోవా? అదే హీరో అయివుంటే? గురువారం నుంచి ఆయన షూటింగ్ డేట్స్. నీతో పెద్దాయన్ని పంపితే, ఆయన కొలిచి తెచ్చిందాన్ని నువ్వు ఇలా..."

భావన బూట్ల వైపు చూస్తూ నిలబడింది. కళ్ళు నిండాయి. నోరు విప్పలేదు. ఫిల్మ్ నగర్‌లో చేరి ఏడాదిన్నరే అయినా, పెద్దవాళ్ళ తప్పు బయట పెట్టకూడదని ఆ పిల్ల నేర్చేసుకుంది. జోజి అంకె కొట్టేసిన కాగితాన్ని జంగయ్య మడిచి జేబులో పెట్టుకుంటున్నాడు. అంతా జోజి కళ్ళముందే జరుగుతోంది. ఊరుకుంటే సరిపోతుంది. ఇద్దరూ తన కోసం ఊరుకుంటారు. తను గోడౌన్‌కి పోనక్కర్లేదు. ఈ పిల్ల మాత్రం ఎక్కడికి పోతుందో?

పదిహేడో మెట్టు దగ్గర ఫోను పట్టుకొని నిలబడే మనిషి గుర్తొచ్చాడు. అతనంటే విసుగేసింది. ఒళ్ళంతా నిద్రలేమిలాంటి విసుగు.

"కృష్ణా" అన్నాడు. "అమ్మాయి ఎనిమిదే వేసింది. ఆరు నేను వేశాను."

శ్రీకృష్ణ తిరిగి చూశాడు. "నువ్వా? నువ్వు ఎక్కొచ్చావు కదా బాబాయ్?"

"ఎక్కలేదురా. మూడిట్లో కాలు పెట్టలేదు. ఒకదాంట్లో ఇరవై మూడు మెట్లు ఎక్కి కూలబడ్డాను. మోకాళ్ళు పోయి రెండేళ్ళయింది. నీకు చెప్పలేదు. ఆ ఎనిమిది చూస్తే భయమేసి, నేనెక్కగలిగేట్టు కట్టుకున్నాను. నెత్తి సంగతి నాకు తట్టలేదు. నలభై ఏళ్ళలో ఒక్కదానికీ కప్పు వెయ్యలేదు కదా."

జంగయ్య కాగితాన్ని జేబులోంచి తీసి, ఎవరికివ్వాలో తెలియక, చేత్తో పట్టుకొని నిలబడ్డాడు.

"గోడౌన్‌కి పొమ్మంటే పోతా. అమ్మాయిని మాత్రం ఏమీ అనకు" అన్నాడు జోజి.

శ్రీకృష్ణ ముఖం రుద్దుకున్నాడు. కోపం ఎటు పోవాలో దానికి దారి దొరకడం లేదు. "గోడౌన్ సంగతి తరవాత" అన్నాడు. "మూడు రోజులుంది. మెట్లన్నీ ఊడదీయండి. ఎనిమిదితో మళ్ళీ వెయ్యండి. మెట్ల పని భావనది. నాగసాయి దగ్గరికి సాయంత్రం నేను వెళ్తాను."

"నేనూ వస్తా" అన్నాడు జోజి. "తల పగలగొట్టింది నేను."

భావన కళ్ళు తుడుచుకొని టేపు అందుకుంది. రంపాలు మోగాయి. ఒక్కో మెట్టూ ఊడి కిందికి వస్తోంది. జోజి ఎప్పట్లాగే నడుం మీద చేతులు వేసుకొని నిలబడ్డాడు. సెట్టు మీద మేస్త్రి కూర్చోకూడదు. కుర్చీలు డైరెక్టరుకీ హీరోకీ. నలభై ఏళ్ళు నిలబడ్డాడు. ఇప్పుడిక దాచడానికి ఏముంది?

"జంగయ్యా, ఒక కుర్చీ వెయ్యవయ్యా" అన్నాడు.

జంగయ్య రంగు మరకలున్న ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేశాడు. "రెండేండ్ల సంది కుంటుతుంటే చూస్తనే ఉన్న. కూసో అంటె కొట్టొస్తవని అడగలే. మా కంట్లె ఏమన్న పువ్వులున్నయా అన్నా?"

"మరి నాకెందుకు చెప్పలేదురా?"

"నీకు ఎర్కనే కదా, చెప్పుడేంది?" అని జంగయ్య తన పనికి పోయాడు.

జోజి కాళ్ళు చాపుకొని కూర్చున్నాడు. భావన మధ్యమధ్య వచ్చి ఏదో అడుగుతోంది. "ఏడడుగుల వెదురు ఒకటి పట్టుకో తల్లీ. ఒక్కో మెట్టు బిగించగానే దాన్ని నిలబెట్టి తిప్పి చూడు. ఎక్కడన్నా తగిలితే పైకి పోకు, అక్కడే ఆగు" అని చెప్పాడు. ఆ పిల్ల తలూపి, వెదురు పట్టుకొని లోపలికి పోయింది.

మధ్యాహ్నం దాటాక శ్రీకృష్ణ వచ్చి, ఇంకో కుర్చీ లాక్కొని పక్కన కూర్చున్నాడు. కోపం తగ్గలేదు, అలాగని లేచిపోనూ లేదు. లైట్‌హౌస్ లోపల్నుంచి సుత్తి దెబ్బలు వినిపిస్తున్నాయి.

"అది సరే గానీ బాబాయ్" అన్నాడు శ్రీకృష్ణ. "నిజం లైట్‌హౌస్‌లో ఆ పైన నిలబడితే ఎలా ఉంటుంది?"

"నేను చూళ్ళేదు కృష్ణా" అన్నాడు జోజి. "అమ్మాయి చూసింది. పిలిచి అడుగు."